అన్వేషణే ఆరాధనగా జీవించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్

కొన్నేళ్ల క్రితం మా చిట్యాలలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసిన తర్వాత డిగ్రీ చదివే ఒక కుర్రాడు వచ్చి మా పక్కన కూర్చున్నాడు. సలాం చేసి, కాసేపు తటపటాయించి, తన మనసులోని సందేహం బయటపెట్టాడు. దైవప్రవక్త ముహమ్మద్ (స) హిజ్రీ 11వ సంవత్సరంలో ఇహలోకం వీడారు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) హిజ్రీ 194లో జన్మించారు. నడుమ 183 ఏళ్లు గడిచాయి. అంతకాలం నోటి మాటగా వచ్చిన హదీసులు మారకుండా వచ్చాయని ఎలా నమ్మడం? కాలేజీలో స్నేహితుడొకడు ఇలా అడిగితే తాను జవాబు చెప్పలేకపోయాడట.

మేము మదరసాలో చదువుకున్నవాళ్లం. ఉస్తాదుల ముందు మోకాళ్లు ముడిచి కూర్చుని హదీసు పాఠాలు విన్నవాళ్లం. అయినా ఆ రోజు ఆ అబ్బాయికి జవాబు చెప్పలేదు. ఇలాంటి సందేహాలు షైతాన్ కలిగించేవని, ఈమాన్‌కు చేటు చేస్తాయని మందలించి పంపేశాం. అతను తల వంచుకుని వెళ్లిపోయాడు. తర్వాత చాలా రోజులు మస్జిదులో మా దగ్గరకు రాలేదు.

సరిగ్గా ఆ ప్రశ్నకే జవాబు కోసం దాదాపు 20 ఏళ్లు ఓపిక పట్టిన విద్వాంసుడు ఒకరున్నారు. ఆయన మన హైదరాబాదులో పుట్టినవారే. మదరసాలో చదివినవారే. ఆయన పేరు మాకు అంతకుముందే తెలుసు, ఆయన చేసిన పని మాత్రం తెలియదు. తెలిశాక సిగ్గుపడ్డాం. ఆయనే డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (రహ్మలై). పెద్ద ప్రశ్నలను విద్వాంసులు ఎలా పట్టుకుంటారో, ఎలా ఛేదిస్తారో తెలుసుకోవాలంటే ఆయన జీవితం ఒక మంచి పాఠం.

జననం, విద్యాభ్యాసం

హమీదుల్లాహ్ గారు 1908 ఫిబ్రవరి 19న హైదరాబాదులో జన్మించారు. ఆయనది దక్షిణాదిలో విద్యకు పేరుపొందిన నవాయత్ వంశం. తాతగారు ఖాజీ బద్రుద్దౌలా మద్రాసులో పేరెన్నికగన్న ధర్మవేత్త, గ్రంథకర్త. ఇంట్లో తండ్రి వద్ద అక్షరాలు దిద్దిన హమీదుల్లాహ్ తర్వాత దారుల్ ఉలూమ్‌లోనూ, 1876లో స్థాపితమైన జామియా నిజామియాలోనూ చదివారు. అరబీ, ఫిఖ్‌హ్, హదీసు శాస్త్రాల్లో పునాది అక్కడే పడింది.

అక్కడితో ఆగిపోయి ఉంటే ఆయన ఒక మంచి మౌల్వీ అయ్యేవారు. కాని ఆయన 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరారు. బి.ఎ., ఎం.ఎ.తో పాటు న్యాయశాస్త్ర పట్టా కూడా సాధించారు. ఆనాటి ఉస్మానియా ప్రత్యేకత ఏమిటంటే చరిత్ర, న్యాయం, గణితం, భౌతికశాస్త్రం, వైద్యం అన్నీ ఉర్దూలోనే బోధించేవారు. అందుకోసం దారుత్తర్జుమా అనే అనువాద సంస్థ వందలాది పుస్తకాలు తయారు చేసింది. మదరసా నుంచి వచ్చిన పిల్లవాడికి కొత్త శాస్త్రాలు పరాయివిగా అనిపించేవి కావు. ఆ తరంలోనే అదే విశ్వవిద్యాలయంలో చదివిన డాక్టర్ రజీయుద్దీన్ సిద్దీఖీ జర్మనీ వెళ్లి ప్రఖ్యాత శాస్త్రవేత్త హైజెన్‌బర్గ్ వద్ద పరిశోధన చేశారు. అంతటి గణితవేత్త అయి ఉండీ మహాకవి ఇఖ్బాల్ ఆలోచనలపై కూడా రాశారు. శాస్త్రానికీ సాహిత్యానికీ మధ్య గోడ కట్టుకోని తరం అది.

హైదరాబాదులోనే 1888లో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ గురించి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ప్రపంచం నలుమూలలా పడివున్న ప్రాచీన అరబీ వ్రాతప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి సరిపోల్చి, తప్పులు దిద్ది ముద్రించడం దాని పని. కన్జుల్ ఉమ్మాల్ వంటి హదీసు సంకలనాలు, ఇబ్నుల్ హైసమ్ రాసిన శాస్త్ర వ్యాసాలు, అల్ బీరూనీ ఖగోళ గ్రంథం, అన్నీ ఆ ఒక్క సంస్థ నుంచే వెలువడ్డాయి. హదీసుకైనా, ఖగోళానికైనా ప్రతులను పరీక్షించే పద్ధతి ఒక్కటే. హమీదుల్లాహ్ గారు పెరిగింది అలాంటి గాలిలో.

ఆ తర్వాత ఆయన యూరప్ వెళ్లారు. ఇస్లామీ అంతర్జాతీయ న్యాయంలో తటస్థత అనే అంశంపై పరిశోధించి 1933లో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. దైవప్రవక్త (స), ఖులఫాయె రాషిదీన్ కాలపు దౌత్య సంబంధాలపై పరిశోధించి 1935లో పారిస్‌లోని సోర్బోన్ నుంచి రెండో డాక్టరేటు పొందారు. తిరిగి వచ్చి 1948 వరకు ఉస్మానియాలో అధ్యాపకులుగా పనిచేశారు.

రెండో సాక్షి కోసం ఇరవై ఏళ్లు

ఇప్పుడు ఆ కుర్రాడి ప్రశ్న దగ్గరకు వద్దాం. అది కొత్త ప్రశ్నేమీ కాదు. యూరప్‌లో గోల్డ్‌జిహర్ వంటి పండితులు చాలా హదీసులు తర్వాతి తరాల రాజకీయ, ధార్మిక వివాదాల్లోంచి పుట్టాయని వాదించారు. మనవాళ్లలో చాలామంది ఆ వాదం విని ఆగ్రహించారు. హమీదుల్లాహ్ గారు ఆగ్రహంతో కాలం గడపలేదు. వాదం తప్పయితే ఆ సంగతి తేల్చే వస్తువు ఎక్కడో ఉండాలి కదా అని వెతికారు.

హజ్రత్ అబూ హురైరా (రజి) దైవప్రవక్త (స) సహచరులు. వేలాది హదీసులు ఉల్లేఖించినవారు. ఆయన శిష్యుల్లో యమన్‌కు చెందిన హమ్మామ్ బిన్ మునబ్బిహ్ ఒకరు. గురువు తనకు వినిపించిన హదీసులను హమ్మామ్ ఒక చిన్న పుస్తకంగా రాసుకున్నారు. అందులో 138 హదీసులున్నాయి. అబూ హురైరా (రజి) మరణించింది హిజ్రీ 58 ప్రాంతంలో. అంటే ఈ రచన ఇమామ్ బుఖారీ పుట్టడానికి శతాబ్దం పైబడి ముందటిది. దాన్నే సహీఫా హమ్మామ్ బిన్ మునబ్బిహ్ అంటారు. దాని ప్రస్తావన పాత గ్రంథాల్లో ఉంది. విడిగా ఆ పుస్తకం మాత్రం పండితుల దృష్టిలో లేకుండా పోయింది.

జర్మనీలో చదువుకునే రోజుల్లో హమీదుల్లాహ్ గారు బెర్లిన్ గ్రంథాలయంలో దాని వ్రాతప్రతిని చూసి, తన చేత్తో నకలు రాసుకున్నారు. ఇంకొకరైతే మర్నాడే పత్రికలకెక్కేవారు. ఆయన ఆగారు. ఒక్క ప్రతి చాలదు. అందులో నకలు రాసినవాడి పొరపాట్లుండవచ్చు. రెండో సాక్షి కావాలి. మన ఊళ్లలో గెట్టు తగాదా వస్తే ఒక్క పహాణీ కాగితం చూసి పెద్దమనుషులు తీర్పు చెప్పరు. ఇంకో నకలు తెప్పిస్తారు, హద్దు రాయి దగ్గరకు వెళ్తారు, గొలుసు వేసి కొలిపిస్తారు. హమీదుల్లాహ్ గారు చేసింది అదే. దమస్కస్‌లో మరో ప్రతి ఉందని తెలిసింది. అది మరింత పాతది. రెంటినీ అక్షరం అక్షరం సరిపోల్చి 1953లో దమస్కస్‌లోని అరబీ విద్వత్ సంస్థ పత్రికలో ప్రకటించారు.

తర్వాత అసలు పరీక్ష. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) హిజ్రీ 241లో మరణించారు. ఆయన ముస్నద్‌లో హమ్మామ్ ద్వారా వచ్చిన హదీసులు ఒకే చోట ఉన్నాయి. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో కూడా ఆ హదీసులు ఆయా అధ్యాయాల కింద కనిపిస్తాయి. పక్కపక్కన పెట్టి చూస్తే అక్కడక్కడ పదాల్లో స్వల్ప తేడాలే తప్ప భావం మారలేదు. గురువు నుంచి శిష్యుడికి, శిష్యుడి నుంచి అతని శిష్యుడికి తరాలు దాటినా సరుకు చెడలేదన్నమాట. పైగా హదీసులు రెండు శతాబ్దాలు కేవలం నోటి మాటగానే ఉన్నాయన్న మాట కూడా నిలవలేదు. రాత మొదటి నుంచే ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 138 హదీసుల సాక్ష్యం ప్రపంచంలోని ప్రతి హదీసుకూ ముద్ర వేయదు. సహీ ఏదో, జయీఫ్ ఏదో తేల్చే పని మన ముహద్దిసులు వేరుగా చేశారు, అది చేయాల్సిందే. ఆధారం ఎంతవరకు పలుకుతుందో అంతవరకే మాట్లాడాలన్నది హదీసు శాస్త్రం నేర్పే మొదటి పాఠం.

కాలినడకన చరిత్ర

హమీదుల్లాహ్ గారు గ్రంథాలయంలో కూర్చుని మాత్రమే చరిత్ర రాయలేదు. హిజాజ్ ప్రాంతానికి పలుమార్లు వెళ్లి బద్ర్, ఉహుద్, ఖందఖ్ యుద్ధస్థలాలను స్వయంగా తిరిగి చూశారు. కొలతలు తీసుకున్నారు, పటాలు గీశారు. దైవప్రవక్త (స) కాలపు యుద్ధభూములపై ఆయన పుస్తకం అలా తయారైంది.

ఒక ఉదాహరణ చూద్దాం. మక్కా నగరం మదీనాకు దక్షిణాన ఉంది. హిజ్రీ 3లో మక్కా సైన్యం దండెత్తి వచ్చింది. దక్షిణం నుంచి వచ్చిన సైన్యంతో యుద్ధం మదీనాకు ఉత్తరాన ఉన్న ఉహుద్ కొండ దగ్గర ఎందుకు జరిగింది? ఉహుద్ కథ మనం చిన్నప్పటి నుంచీ వింటాం. ఈ ప్రశ్న మనలో ఎంతమందికి తోచింది? హమీదుల్లాహ్ గారు నేల చూసి జవాబు చెప్పారు. మదీనాకు తూర్పున, పడమర లావా గడ్డకట్టిన నల్లరాతి నేలలున్నాయి. వాటిమీద గుర్రాలు, ఒంటెలు నడవలేవు. దక్షిణాన దట్టమైన ఖర్జూర తోటలు, ఇళ్లు, గోడలు ఉండేవి. సైన్యం విచ్చుకుని నిలవగల ఖాళీ ఉత్తరానే ఉంది. అందుకే శత్రువు చుట్టు తిరిగి అటు వచ్చాడు.

అదే జవాబు మరో సంగతిని కూడా విప్పుతుంది. రెండేళ్ల తర్వాత హిజ్రీ 5లో దైవప్రవక్త (స) కందకం తవ్వించినప్పుడు ఊరి చుట్టూ తవ్వించలేదు. తెరిచి ఉన్న వైపే తవ్వించారు. సీరత్ గ్రంథాల ప్రకారం పనిచేసినవారు సుమారు 3,000 మంది. పదిమందికి 40 మూరల చొప్పున పని పంచారు. అంటే 300 జట్లు, 12,000 మూరలు. మూర ఒకటిన్నర అడుగు అనుకుంటే 18,000 అడుగులు, దాదాపు ఐదున్నర కిలోమీటర్లు. ఇలా గ్రంథంలోని అంకెను నేలమీది కొలతతో సరిచూడటం ఆయన అలవాటు.

ఆయన దృష్టి యుద్ధాల కన్నా ఒప్పందాల మీద ఎక్కువగా ఉండేదని చెప్పాలి. దైవప్రవక్త (స), ఖులఫాయె రాషిదీన్ కాలపు ఉత్తరాలు, సంధిపత్రాలు, ఫర్మానాలను వందలాది గ్రంథాల నుంచి ఏరి ఒకచోట చేర్చి 1941లో కైరోలో అరబీలో ప్రచురించారు. మదీనాలో ముస్లిములకు, యూదులకు, ఇతర తెగలకు మధ్య కుదిరిన ఒడంబడికను 52 నిబంధనలుగా విభజించి, అది లోకంలో మొట్టమొదటి లిఖిత రాజ్యాంగమని వాదించారు. ఈ వాదంతో ఏకీభవించని పండితులున్నారు. కాని ఆ పత్రం మీద మాట్లాడేవారెవరైనా ఆయన పరిశోధనను దాటి వెళ్లలేరు.

హదీసు విద్వాంసుడికి గడ్డిమొక్కలతో పనేమిటి?

పాఠకులకు ఆశ్చర్యం కలిగించే సంగతి మరొకటుంది. హమీదుల్లాహ్ గారు ఒక వృక్షశాస్త్ర గ్రంథానికి కూడా ప్రాణం పోశారు. హిజ్రీ మూడో శతాబ్దంలో అబూ హనీఫా దీనవరీ అనే పండితుడు చెట్లు, మొక్కల గురించి కితాబున్ నబాత్ అనే పెద్ద గ్రంథం రాశారు. (ఈయన మన ఇమామ్ అబూ హనీఫా కాదు, వేరే వ్యక్తి.) ఆ గ్రంథంలో చాలా భాగం కాలగర్భంలో కలిసిపోయింది. అయితే తర్వాతి నిఘంటుకర్తలు ఏదైనా మొక్క పేరుకు అర్థం చెప్పవలసి వచ్చినప్పుడు దీనవరీ మాటలను ఎత్తి రాసుకున్నారు. హమీదుల్లాహ్ గారు ఆ నిఘంటువులన్నీ వెతికి, చెల్లాచెదురైన ముక్కలను ఏరి, అక్షరక్రమంలో పేర్చారు. అరబీ అక్షరాల్లో సీన్ నుంచి యా వరకు గల మొక్కల భాగం ఇలా తయారై 1973లో కైరోలో అచ్చయింది.

ధర్మశాస్త్రం చదివినవారికి ఈ పనెందుకు? మక్కా హరమ్‌లో మొక్కలు కోయరాదని ఆజ్ఞ ఉంది. ఇద్‌ఖిర్ అనే గడ్డికి మాత్రం మినహాయింపు ఉంది. ఆ గడ్డి ఏదో తెలియకపోతే ఆజ్ఞ ఎలా అమలవుతుంది? మదీనాలోని జన్నతుల్ బఖీ ఖబరస్తాన్ పాత పేరు బఖీ అల్ గర్ఖద్. గర్ఖద్ అంటే ఒక ముళ్ల పొద. మా ప్రాంతంలోనే ఒక ఊరివాళ్లు ఒక మొక్కను ఒక పేరుతో పిలిస్తే పక్క ఊరివాళ్లు ఇంకో పేరుతో పిలుస్తారు. 1,400 ఏళ్ల నాటి అరేబియా మొక్కల పేర్లు తేలాలంటే భాషా పండితుడు, వృక్షశాస్త్రజ్ఞుడు, ధర్మవేత్త ముగ్గురూ కలిసి కూర్చోవాలి. హమీదుల్లాహ్ గారిలో ఆ ముగ్గురూ కొంతకొంత ఉన్నారు.

ఇలాగే యూరప్‌లో స్థిరపడిన ముస్లిముల నుంచి మరో సమస్య వచ్చింది. ఉత్తర నార్వే వంటి చోట్ల వేసవిలో వారాల తరబడి సూర్యుడు అస్తమించడు. అక్కడ మగ్రిబ్ ఎప్పుడు, ఇఫ్తార్ ఎప్పుడు? ఆయన భూగోళ పటం ముందు పెట్టుకుని, 45వ అక్షాంశం దాటి ధ్రువాల వైపు ఉన్నవారు ఆ అక్షాంశం మీది వేళలనే పాటించవచ్చని సూచించారు. ఉలమాలలో దీనిపై వేరే అభిప్రాయాలూ ఉన్నాయి. ఖగోళం తెలియకుండా అక్కడ ఫత్వా ఇవ్వడం సాధ్యం కాదన్నది మాత్రం అందరూ ఒప్పుకుంటారు.

పరదేశంలో సాధన

1948లో హైదరాబాదు సంస్థానం తరఫున ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి వెళ్లిన ప్రతినిధి బృందంలో హమీదుల్లాహ్ గారు కూడా ఉన్నారు. ఆ ఏడాది సెప్టెంబరులో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. ఆయన పారిస్‌లోనే ఉండిపోయారు. పుట్టిన ఊరు, సొంతవాళ్లు, తన పుస్తకాలు అన్నీ వెనకే మిగిలాయి. శరణార్థిగా బతికారు. వివాహం చేసుకోలేదు. తూర్నో వీధిలోని ఒక చిన్న ఇంట్లో, పుస్తకాల మధ్య ఒంటరిగా దశాబ్దాలు గడిపారు.

ఆ ఒంటరితనంలో ఆయన రాసింది చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1954 నుంచి 1978 వరకు ఫ్రాన్సు జాతీయ శాస్త్ర పరిశోధనా సంస్థలో పనిచేశారు. 1959లో ఆయన చేసిన దివ్య ఖుర్ఆన్ ఫ్రెంచి అనువాదం, రెండు సంపుటాల ప్రవక్త జీవిత చరిత్ర వెలువడ్డాయి. అనువాదాన్ని అంతటితో వదిలేయలేదు. తర్వాతి ముద్రణల్లో తప్పులు దిద్దుకుంటూ వచ్చారు. ఇస్తాంబుల్‌లో ఏటా కొంతకాలం పాఠాలు చెప్పేవారు. ఉర్దూ, అరబీ, ఆంగ్లం, ఫ్రెంచి, జర్మన్ భాషల్లో రచనలు చేశారు. ఖుర్ఆన్ ఏయే భాషల్లోకి అనువాదమైందో వివరించే ఒక పట్టిక పుస్తకాన్ని హైదరాబాదులో ఉన్న రోజుల్లోనే తయారు చేశారు.

1980 మార్చిలో పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ ఇస్లామియా విశ్వవిద్యాలయంలో ఉర్దూలో 12 ప్రసంగాలు చేశారు. ఖుర్ఆన్ చరిత్ర, హదీసు చరిత్ర, ఫిఖ్‌హ్, అంతర్జాతీయ న్యాయం వంటి అంశాలపై సాగిన ఆ ప్రసంగాలే ఖుత్బాతె బహావల్‌పూర్ పేరుతో ప్రసిద్ధమయ్యాయి. ప్రతి ప్రసంగం చివర శ్రోతల ప్రశ్నలకు జవాబులున్నాయి. ఉర్దూ చదవగలిగిన ప్రతి ఇంట్లో ఉండదగిన పుస్తకమిది. 1985లో ఆ దేశ ప్రభుత్వం హిలాలె ఇమ్తియాజ్ పురస్కారం ఇస్తే, దానితో వచ్చిన సొమ్మును ఇస్లామాబాద్‌లోని ఇస్లామీ పరిశోధనా సంస్థకు ఇచ్చేశారు. ఆ సంస్థ గ్రంథాలయానికి తర్వాత ఆయన పేరే పెట్టారు.

వృద్ధాప్యంలో ఆరోగ్యం క్షీణించడంతో 1996లో బంధువుల దగ్గరకు అమెరికా వెళ్లారు. 2002 డిసెంబర్ 17న ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్లెలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 94 ఏళ్లు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

మనం నేర్చుకోవలసింది

పరిశోధనను అరబీ, ఉర్దూల్లో తహ్‌ఖీఖ్ అంటారు. ఆ పదం హఖ్ నుంచి వచ్చింది. హఖ్ అంటే సత్యం. సత్యాన్ని నిలబెట్టడమే తహ్‌ఖీఖ్. హమీదుల్లాహ్ గారు పెద్ద ప్రశ్నను చూసి బెదరలేదు, దాన్ని పెద్ద మాటలతో కప్పిపెట్టలేదు. చేత్తో పట్టుకోగల చిన్న ప్రశ్నలుగా విడదీశారు. ఈ ప్రతి ఎప్పటిది? ఈ నేల ఎటు వాలి ఉంది? ఈ గడ్డి పేరేమిటి? ఒక్కొక్కటే తేల్చుకుంటూ వెళ్లారు. ఒంటరి సాక్ష్యాన్ని నమ్మలేదు. అడిగినవాడు శత్రువైనా ప్రశ్నను శత్రువుగా చూడలేదు.

మన ఇళ్లలో మాత్రం దీనీ చదువు వేరు, దునియా చదువు వేరు అని పిల్లలను రెండు దారుల్లో నడిపిస్తున్నాం. సైన్సు చదివేవాడికి దీన్ గురించి అడగడానికి భయం. మదరసాలో చదివేవాడికి సైన్సు వైపు చూడటానికి బెరుకు. ప్రశ్న వస్తే గద్దించి పంపే మాలాంటి ఉపాధ్యాయులకు ఇందులో వాటా తక్కువేమీ కాదు. జవాబు తెలియకపోవడం తప్పు కాదు. తెలియదని ఒప్పుకోక పిల్లవాడి నోరు మూయించడం తప్పు. ఆ తప్పు మేము చేశాం.

ఆ కుర్రాడు ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. మొన్న ఈద్‌కు ఊరికి వచ్చినప్పుడు ఇంటికి పిలిచి, ఉర్దూ అనువాదంతో ఉన్న సహీఫా పుస్తకాన్ని అతని చేతిలో పెట్టాం. ఆనాడు మందలించినందుకు క్షమించమని అడిగాం. అతను నొచ్చుకుని, అంత మాట అనవద్దన్నాడు. పుస్తకం తిరగేసి, ఇవి 138 మాత్రమే కదా, మిగతా హదీసుల సంగతేమిటని మళ్లీ అడిగాడు. ఈసారి మేము కోప్పడలేదు. జొహ్ర్ తర్వాత మొదలుపెట్టి అసర్ అజాన్ దాకా సనదు గురించి, రావీల జీవిత వివరాల గురించి మాకు తెలిసింది చెప్పాం. తెలియనివి రెండు మూడు మిగిలాయి. అవి రాసి పెట్టుకున్నాం, పెద్ద ఉలమాలను అడగాలి.

అల్లాహ్ డాక్టర్ హమీదుల్లాహ్ గారి కృషిని స్వీకరించి, ఆయన సమాధిని కాంతితో నింపుగాక! మన పిల్లలకు అడిగే ధైర్యాన్ని, మనకు ఓపికగా వెతికే బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.